ఎత్తుకోనివ్వని పాప, ఒకవైపు చదునైన తల: నా అనుభవం

మా పాపకి ఏడు వారాలప్పుడు ఒకరోజు స్నానం చేయించి తల తుడుస్తూ పైనుంచి చూశాను. తడి జుట్టు తలకి అంటుకుని ఉండటంతో ఆకారం స్పష్టంగా తెలిసింది. వెనక కుడివైపు ఎవరో అరచేత్తో అదిమినట్టు చదునుగా ఉంది, ఎడమవైపు మాత్రం గుండ్రంగానే ఉంది. కుడి చెవి కూడా ఎడమ చెవి కంటే కాస్త ముందుకు జరిగినట్టు అనిపించింది. ఫోన్ తీసి అలా పైనుంచే ఒక ఫోటో తీశాను. ఆ రాత్రి దాన్ని ఎన్నిసార్లు పెద్దది చేసి చూసుకున్నానో లెక్కలేదు.

అప్పటిదాకా మేం అదృష్టవంతులం అనుకుంటున్నాం. ఎందుకంటే మా పాప కింద పడుకోబెడితే ఏడవదు, ఎత్తుకుంటేనే ఏడుస్తుంది. భుజాన వేసుకుంటే పిడికిళ్ళు బిగించి, వీపుని విల్లులా వెనక్కి వంచి, గుక్కపట్టేది. పక్క మీద పెట్టిన మరుక్షణం ఏడుపు ఆగిపోయేది. చూడటానికి వచ్చినవాళ్ళందరూ "ఎంత బుద్ధిమంతురాలో, చేతి అలవాటే లేదు" అని మెచ్చుకునేవాళ్ళు. మా అత్తయ్య కూడా "అలాగే ఉండనీ అమ్మా, ఒకసారి చేతి అలవాటైతే నీకే కష్టం" అన్నారు. నా చేతుల్లో ఉండని పిల్ల ఏమిటి అని లోపల ఎక్కడో గుచ్చుకునేది, కానీ నిద్రలేని రోజులు కదా, పడుకుంది చాలు అని నేనూ వదిలేశాను.

ఫోటో తీసిన మర్నాడు ఒక కాగితం మీద లెక్క వేశాను. రోజుకి దాదాపు 16 గంటలు నిద్ర, వెల్లకిలా. మెలకువగా ఉన్నప్పుడు ఇంకో నాలుగు గంటలు చాప మీద వెల్లకిలా. బౌన్సర్‌లో, అంటే పిల్లల్ని వెనక్కి వాల్చి కూర్చోబెట్టే ఊగే కుర్చీలో, గంటన్నర. ఆ బౌన్సర్‌ని నేను "పడుకోవడం" కింద లెక్కేసుకోలేదు, కూర్చున్నట్టు ఉంటుంది కదా అని. కానీ అందులో కూడా తల వెనక భాగమే ఆనుకుని ఉంటుంది, కారు సీటులో అయినా అంతే. మొత్తం కలిపితే ఇరవై ఒక్క గంటలు దాటింది, అంతసేపూ బరువంతా ఒకే చోట. ఈ వయసులో పుర్రె ఎముకలు మెత్తగా ఉంటాయి, వాటి మధ్య అతుకులు ఇంకా కలిసి ఉండవు, లోపల మెదడు వేగంగా పెరుగుతుంటుంది. పెరిగే తల అడ్డు లేనివైపు పెరుగుతుంది, ఆనించి ఉంచిన చోట చదునవుతుంది. ఇది ఏడు వారాల తర్వాత కాగితం మీద చూస్తే గానీ నాకు తట్టలేదు.

మొదట చూపించిన డాక్టర్ రెండు నిమిషాలు కూడా చూడలేదు. "జుట్టు పెరిగితే కనిపించదమ్మా" అని పంపించేశారు. నేనూ నమ్మాను, నమ్మాలని ఉంది కాబట్టి. అలా రెండు వారాలు పోయాయి. తొమ్మిదో వారంలో టీకాకి వెళ్ళినప్పుడు వేరే డాక్టర్ ఉన్నారు. నేను అడగకముందే ఆవిడ పాపని నా ఒళ్ళో కూర్చోబెట్టమని, వెనక నిలబడి తలని పైనుంచి చూశారు. టేపుతో చుట్టుకొలత తీసుకున్నారు, మాడు తడిమి చూశారు, అతుకుల వెంట వేళ్ళు పోనిచ్చి ఎక్కడైనా గట్టిగా గట్టులాగా తగులుతోందా అని చూశారు. చదునైన వైపు చెవి ముందుకి జరిగి ఉందా వెనక్కి ఉందా అన్నది కూడా ముఖ్యమట. ఒకే చోట ఒత్తిడి పడటం వల్ల వచ్చిన చదును అయితే సాధారణంగా ఆ వైపు చెవి, నుదురు ముందుకి జరుగుతాయి, పైనుంచి చూస్తే తల పక్కకి వాలిన చతురస్రంలా ఉంటుంది. అరుదుగా కొందరిలో అతుకులు ముందే కలిసిపోతాయి, అది వేరే సమస్య, దానికి ఆపరేషన్ అవసరం కావచ్చు. మాది మొదటి రకమే అన్నారు. మెదడుకి దీనివల్ల దెబ్బ తగలదు, ఇది ఆకారానికి సంబంధించిన విషయం అని కూడా చెప్పారు. కెనడాలో 2013లో అచ్చయిన ఒక పరిశీలనలో 7 నుంచి 12 వారాల పిల్లలు 440 మందిని చూస్తే 205 మందికి ఏదో ఒక మేర ఇలా ఉందట, ఎక్కువమందికి కుడివైపే. ఆ సంఖ్య విన్నాక మొదటిసారి కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న: "పాపని ఎలా ఎత్తుకుంటారు, ఒకసారి చూపించండి."

ఎత్తుకున్నాను. ఏడ్చింది. ఆవిడ పాప మెడని మెల్లగా కుడివైపు తిప్పారు, గడ్డం భుజం దాకా హాయిగా వచ్చింది. ఎడమవైపు తిప్పబోతే సగం దూరంలోనే ఆగి, ముఖం ఎర్రగా చేసుకుని గుక్కపట్టింది. మెడ ఎడమవైపు కండరం బిగుసుకుని ఉంది. ఆ కండరం బిగిస్తే తల అటు వాలి, ముఖం ఇటు తిరుగుతుందట. అందుకే తను ఎప్పుడూ కుడివైపే చూస్తుంది. నేను ఎత్తుకునే పద్ధతుల్లో సగం తనని ఎడమవైపు తిరగమని బలవంతపెట్టేవే. పైగా పాలు తాగాక కక్కుతూ ఉండేది, పాలు గొంతులోకి ఎగదన్నుతుంటే కూడా పిల్లలు అలా వీపు వంచుతారట. నా మీద ఇష్టం లేక ఏడుస్తోందని ఇన్నాళ్ళూ నేను కట్టుకున్న కథంతా అక్కడ కూలిపోయింది. క్లినిక్‌లోనే ఏడ్చేశాను, మా ఆయన నా చేతిలోంచి పాపని తీసుకున్నారు, పాప ఆయన దగ్గర కూడా ఏడ్చింది. అందరం కాసేపు అలాగే ఉన్నాం.

ఆ రోజు ఇంటికి వచ్చాక మొదట చూసింది పాప ఉయ్యాల మంచం. అది మా మంచానికి ఆనించి ఉంటుంది. పాపకి ఎడమపక్క గోడ. కుడిపక్క నేను, కిటికీ, తలుపు, లైటు, మనుషులు, అంటే లోకమంతా. ఎడమవైపు చూడటానికి తనకి ఏముందని? సీసా పట్టే తీరు కూడా అంతే. (పాలు పిండి సీసాతో పట్టేదాన్ని, రొమ్ము దగ్గర నిలిచేది కాదు.) నాది కుడిచేతి వాటం, సీసా కుడి చేత్తో పట్టుకుంటాను, పాప ఎప్పుడూ నా ఎడమ చేతి మీదే. అలా పడుకున్న పిల్ల నన్ను చూడాలంటే కుడివైపే తిరగాలి. రోజుకి ఎనిమిదిసార్లు, దాదాపు తొమ్మిది వారాలు. మెడ ముందు బిగుసుకుందో, నేనే బిగించానో ఇప్పటికీ నాకు తెలియదు, తర్వాత మెడ కోసం చూపించిన ఫిజియోథెరపిస్ట్‌ని అడిగితే నవ్వి "అది అనవసరం" అన్నారు.

మంచం జరపడం కుదరలేదు కాబట్టి పాపనే తిప్పాం. ఒకరోజు తల ఇటు, మర్నాడు తల అటు, అంటే కాళ్ళ వైపు తల పెట్టి. అప్పుడు లోకం తనకి ఎడమవైపు వస్తుంది. తల అటు పెట్టిన మొదటి మూడు రాత్రులు మొండిగా గోడనే చూస్తూ పడుకుంది. నాలుగోసారి తెల్లవారుజామున చూస్తే ముఖం నావైపు, అంటే ఎడమవైపు ఉంది. మా ఆయన్ని లేపి చూపించాను, ఆయన "ఊఁ" అని మళ్ళీ పడుకున్నారు. నిద్ర పట్టాక మెల్లగా తల ఎడమవైపు తిప్పేదాన్ని కూడా, సగంసార్లు వెంటనే వెనక్కి తిప్పేసుకునేది, నేను బలవంతం చేయలేదు.

ఇక్కడ మా అమ్మతో చిన్న యుద్ధం జరిగింది. "బోర్లా పడుకోబెట్టవే, మీరంతా అలా పడుకునే పెరిగారు, మీ తలలకేం సొట్టలు పడ్డాయా?" అంది. తల ఆకారం వరకే చూస్తే అమ్మ చెప్పింది తప్పు కాదు. కానీ బోర్లా నిద్రపోయే పసిపిల్లలు నిద్రలోనే హఠాత్తుగా చనిపోయే ప్రమాదం ఎక్కువని తేలాక, 1992లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం) బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పింది. ఆ తర్వాత పదేళ్ళలో అక్కడ అలాంటి మరణాలు సగానికి పైగా తగ్గాయి. తలలు చదునవడం ఎక్కువైంది కూడా అప్పటినుంచే. కాబట్టి నిద్ర మాత్రం వెల్లకిలానే, పగలైనా రాత్రైనా, ఇందులో బేరం లేదు అన్నాను. అమ్మ రెండు రోజులు ముభావంగా ఉంది. మధ్యలో గుంట ఉండే దిండ్లు, తల ఆకారం కోసం అని అమ్ముతారు చూడండి, అవి కూడా కొనలేదు. ఊపిరాడకుండా పోయే ప్రమాదం ఉందని, వాటిని వాడొద్దని 2022లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ఎవరో బంధువులు పంపిస్తే బొమ్మలకి దిండుగా వేశాను.

నిద్రని ముట్టుకోలేం కాబట్టి మిగిలింది మెలకువ సమయమే. అందరూ చెప్పేది టమ్మీ టైమ్, మెలకువగా ఉన్నప్పుడు మనం పక్కన ఉండి బోర్లా ఉంచడం. చెప్పినంత తేలికేం కాదు. మా పాపని చాప మీద బోర్లా పెడితే అయిదు సెకన్లు, ఆరో సెకనుకి ముక్కు నేలకి రాస్తూ ఏడుపు. "ఛాతీ మీద పడుకోబెట్టుకోండి" అన్నారు. ఛాతీకి హత్తుకుంటేనే కదా అసలు గొడవ! అయినా ఒకరోజు సోఫాలో వెనక్కి సగం వాలి, పాపని నా పొట్ట మీద బోర్లా పెట్టి, ఏడిస్తే తీసేద్దాం అని ఊరికే చేతులు రెండు పక్కలా ఆసరాగా పెట్టి ఉంచాను, చుట్టూ వేయలేదు. ఏడవలేదు. తల ఎత్తి నా గడ్డం వైపు చూసింది, మళ్ళీ పడేసింది, మళ్ళీ ఎత్తింది. దాదాపు రెండు నిమిషాలు. అప్పుడు అర్థమైంది, నా ఒంటిని తగలడం తనకి ఇబ్బంది కాదు, చుట్టూ చేతులు బిగించి కదలనివ్వకపోవడం ఇబ్బంది. సగం వాలి ఉండటంలో ఇంకో లాభం, పూర్తిగా నేల మీద బోర్లా ఉన్నప్పటి కంటే తల ఎత్తడం తేలిక. ఒక్క జాగ్రత్త, అలా ఉన్నప్పుడు మనకి కునుకు పట్టకూడదు, సోఫాలో పిల్ల మీద ఉండగా నిద్రపోవడం చాలా ప్రమాదం. కళ్ళు మూతలు పడుతున్నాయంటే వెంటనే పాపని మంచంలో పెట్టేసేదాన్ని.

సమయం ఎలా కూడబెట్టాలన్నది తర్వాతి బెంగ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినదాని ప్రకారం ఇంకా పాకని పిల్లలకి రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు. ఒకేసారి అరగంట అని ముందు అనుకుని బెంబేలెత్తాను. తర్వాత డైపర్‌తో ముడిపెట్టాను. డైపర్ మార్చిన ప్రతిసారీ అక్కడే పక్కకి దొర్లించి బోర్లా తిప్పి రెండు నిమిషాలు, ఏడిస్తే ఒకటే. రోజుకి తొమ్మిది పది డైపర్లు, అంటే ఏ గొడవా లేకుండా పద్దెనిమిది, ఇరవై నిమిషాలు అయిపోతాయి. మిగతాది పొట్ట మీద. పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు, మొత్తం కక్కేస్తుంది (ఇది నేర్చుకోవడానికి మాకు రెండు దుప్పట్లు ఖర్చయ్యాయి). ఎత్తి బోర్లా పెట్టడం కంటే పక్కకి దొర్లిస్తూ తిప్పితే ఏడుపు తక్కువ అని కూడా అప్పుడే గమనించాను. తువ్వాలు చుట్టి చంకల కింద, ఛాతీకి ఆసరాగా పెడితే చేతులు ముందుకి వచ్చి ఇంకాస్త సేపు ఉండేది. ఎదురుగా చిన్న అద్దం పెట్టాను. పదకొండో వారానికల్లా ఆ అద్దంలో పిల్లని పలకరించడం మొదలుపెట్టింది, మాతో కంటే ఎక్కువగా.

ఎత్తుకోవడం సంగతికొస్తే, నేను గెలవాలనుకోవడం మానేశాను. రోజంతా చంకలో ఉంచుకోవాలని ఎవరూ చెప్పలేదు, తల వెనక భాగం ఆనకుండా ఉంటే చాలు. ఆ లెక్కన ఎత్తుకోవడానికి చాలా దారులు కనిపించాయి. బాగా పనిచేసినవి రెండు. ఒకటి, పాప వీపు నా ఛాతీకి ఆనించి, ముఖం బయటికి, ఒక చెయ్యి పిర్రల కింద, ఇంకో చెయ్యి ఛాతీ మీదుగా పట్టుకుని నడవడం. మోకాళ్ళు కాస్త పొట్ట వైపు మడిచి పట్టుకుంటే వీపు విల్లులా వంచలేదు, ఏడుపు సగం అక్కడే తగ్గుతుంది. మెడ ఇంకా నిలవదు కాబట్టి తల వెనక నా ఛాతీ ఆసరా ఉండేలా కొద్దిగా వెనక్కి వాలి నడిచేదాన్ని. తల ఆనుతుంది కదా అంటారేమో, ఆనుతుంది, కానీ గట్టి పరుపు మీద ఆనినట్టు కాదు, నడుస్తుంటే పాప తల అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది. రెండోది ముంజేతి మీద బోర్లా, బుగ్గ మోచేతి దగ్గర, చేతులు అటూ ఇటూ వేలాడుతూ, కొమ్మ మీద పడుకున్న పులిపిల్లలా. ఇందులో మా ఆయన నిపుణుడు. ఆయన చెయ్యి పొడవు కదా, పాప చక్కగా సరిపోయేది. సాయంత్రం ఏడుపు సమయంలో ఆయన అలా వేసుకుని మాట్లాడకుండా చీకటి గదిలో తిరుగుతుంటే ఇరవై నిమిషాలు ఉండేది. మాట్లాడకుండా అన్నది ముఖ్యం. ఎత్తుకోగానే ముఖంలో ముఖం పెట్టి, ఊపుతూ, పాడుతూ అన్నీ ఒకేసారి చేసేవాళ్ళం ముందు, తనకి అది మరీ ఎక్కువైపోయేది.

ఫిజియోథెరపిస్ట్ మూడో రకం ఒకటి నేర్పారు, బిగుసుకున్న వైపు కిందికి వచ్చేలా పక్కకి పడుకోబెట్టి, నా ముంజెయ్యి పాప చెవికీ భుజానికీ మధ్య ఉండేలా మోయడం. దాంతోపాటు మెడ సాగదీసే వ్యాయామాలు. అవి ఇక్కడ రాయను, ఎవరైనా చేతిలో పెట్టి చూపిస్తేనే చేయాలి, చదివి చేసేవి కావు. నేను ఆవిడ ముందు మూడుసార్లు చేసి చూపించాకే ఇంటికి పంపారు. మొదటి వారం ప్రతి డైపర్‌కీ ఏడుపే. మూడో వారం నుంచి మెడ తేలిగ్గా తిరుగుతోందని చేతికే తెలిసేది.

సీసా చెయ్యి మార్చడం అన్నిటికంటే కష్టమైంది, పాపకి కాదు, నాకు. ఎడమ చేత్తో సీసా పట్టుకుంటే కోణం కుదరక పాలు చెవిలోకి కారేవి. చివరికి ఒకసారి కుడి చేతి మీద, ఇంకోసారి నా మోకాళ్ళు మడిచి తొడల మీద నాకు ఎదురుగా పెట్టుకుని పట్టాను. తాగాక ఇరవై నిమిషాలు నిటారుగా పట్టుకునేవాళ్ళం, డాక్టర్ చెప్పినట్టు, కక్కడం కాస్త తగ్గింది. బౌన్సర్ మడిచి అటక మీద పెట్టేశాను. స్నానానికి వెళ్ళడానికి పది నిమిషాలు కూడా లేకుండా పోయిందని తిట్టుకున్నాను, నిజమే, కానీ తీయలేదు. కారు సీటు కారులో మాత్రమే, నిద్రపోయింది కదా అని ఇంట్లోకి అలాగే తెచ్చి పెట్టడం మానేశాం.

ప్రతి ఆదివారం స్నానం తర్వాత, తడి జుట్టుతో, పైనుంచి ఒక ఫోటో. రోజూ చూస్తే ఏమీ తెలియదు, పిచ్చెక్కుతుంది, అందుకే వారానికి ఒకటి అని నియమం పెట్టుకున్నాను. ఫిజియోథెరపిస్ట్ కొలిచినప్పుడు పదో వారంలో తలని ఒక మూల నుంచి ఎదురు మూలకి ఏటవాలుగా తీసిన రెండు కొలతల మధ్య తేడా 9 మిల్లీమీటర్లు. నాలుగు నెలలకి 6. మధ్యలో ఒక నెల అసలు కదలలేదు, అప్పుడు తల ఆకారం సరిచేయడానికి పిల్లలకి పెట్టే హెల్మెట్ గురించి అడిగాను. డాక్టర్ మా పాపకి అవసరం లేదన్నారు. నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లలతో చేసి 2014లో అచ్చయిన పరిశీలన గురించి చెప్పారు. హెల్మెట్ పెట్టినవాళ్ళలో 26 శాతం మందికి, పెట్టనివాళ్ళలో 23 శాతం మందికి రెండేళ్ళ వయసుకి పూర్తిగా సరైందట. చాలా తీవ్రంగా ఉన్న పిల్లలు, మెడ బిగుసుకున్న పిల్లలు ఆ పరిశీలనలో లేరు కాబట్టి దీన్ని పట్టుకుని ఎవరికీ వద్దు అనలేం అని కూడా ఆవిడే అన్నారు. రోజుకి 23 గంటలు హెల్మెట్ అన్న మాట వినగానే, చేతులు చుట్టూ వేస్తేనే ఒప్పుకోని మా పిల్ల గుర్తొచ్చింది నాకు.

అసలు మార్పు అయిదో నెలలో వచ్చింది, అది మా గొప్ప కాదు. పాప బోర్లా పడటం నేర్చుకుంది, రెండు వారాల్లో వెనక్కి తిరగడం కూడా. ఇక నిద్రలో తనంతట తాను తిరుగుతుంటే వెనక్కి తిప్పనక్కర్లేదు, పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పెడితే చాలు అన్నారు. కూర్చోవడం వచ్చాక తల ఆనేదే తక్కువ. ఏడో నెలలో తేడా 4 మిల్లీమీటర్లు, ఇక రావక్కర్లేదు అన్నారు.

ఇప్పుడు కూడా వేళ్ళతో తడిమితే కుడివైపు కొంచెం తేడా తెలుస్తుంది. ఎవరూ గమనించరు, మా అమ్మ తప్ప, ఆవిడ కూడా పైకి అనదు. ఆదివారం ఫోటోలు ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి, ఏడో వారం నుంచి వరసగా. ఎనిమిదో నెలలో తీసింది మసగ్గా వచ్చింది, తల ఎత్తి ఫోన్ లాక్కోబోతోంది. ఆ తర్వాత ఇంకో రెండు ఆదివారాలు ప్రయత్నించాను, ఒకదాంట్లో చెవి, ఒకదాంట్లో తువ్వాలు వచ్చాయి, అక్కడితో మానేశాను.